తిరగమన్న గీత

జనవరి 8

బావగారికి నమస్కారాలు.

మీ నుంచి ఉత్తరం వచ్చి చాలా కాలమైంది అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మీ నుంచి నాకెప్పుడూ ఉత్తరం రాలేదు. అన్నీ అక్కే రాసేది. చివర్లో "మీ బావ అడిగారని చెప్పమన్నారు" అని ఒక వాక్యం ఉండేది. అది మీరు నిజంగా చెప్పేవారో, అక్కే కలిపేదో నాకు తెలియదు. ఏదైతేనేం, ఆ వాక్యం లేక ఏడాది కావస్తోంది. ఫోను చేస్తే మీరు "ఊఁ" అంటారు, "సరే" అంటారు, పెట్టేస్తారు. ఉత్తరమైతే కనీసం కాగితం నింపాలి కదా అని ఇలా మొదలుపెట్టాను.

కళ్లజోళ్ల వ్యాపారం బాగానే ఉంది. నిన్న ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని గోడమీది అక్షరాలు కింది వరస దాకా గడగడా చదివేశాడు. తర్వాత తీసి బల్లమీద పెట్టి, "ఇన్నాళ్లూ చూడనివి ఇప్పుడు చూసి ఏం చేస్తాను బాబూ" అని పాతవే పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లతో నా బతుకు.

అసలు సంగతి. నేను నాటకం రాశాను. మా టౌన్ హాల్లో ఏప్రిల్‌లో నాటక పోటీలు జరుగుతాయి. మొదటి బహుమతి ఒక వెండి కప్పు. వెళ్లి చూసి వచ్చాను. షాపులో అద్దాల బీరువా మధ్య అర దానికోసం ఖాళీ చేశాను. "కప్పు ఎప్పుడొస్తుందో గానీ ఈలోగా దుమ్ము మాత్రం రోజూ వస్తోంది" అని మీ చెల్లెమ్మ, అంటే మా ఆవిడ, దెప్పుతూనే ఉంది. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా అందరి చూపూ సరిచేశాను బావగారూ. ఒక్కసారి అందరూ నన్ను చూడాలని ఉంది. తప్పా?

నాటకం పేరు "దీపం ఆరిన గది". పూర్తిగా విషాదం. భార్య పోయిన మనిషి కథ. దేన్ని తలుచుకుని రాశానో చదివితే మీకే తెలుస్తుంది. కష్టంగా ఉంటే పక్కన పెట్టేయండి, ఏమీ అనుకోను. కానీ జన్మంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవారు మీరు. న్యాయనిర్ణేతలకి ప్రతులు ఇవ్వాలి కాబట్టి టైపు చేయించి పంపుతున్నాను. మీ చేయి పడితే నాకు ధైర్యం.

భర్త వేషం మందులషాపుకి ఇచ్చాను. వాడు మీకు గుర్తుండే ఉంటాడు, మా పక్క షాపువాడు, నా చిన్ననాటి స్నేహితుడు. మా రెండు షాపులకీ మధ్య ఒకటే గోడ. టీ తాగుదామా అంటే ఒకసారి కొడతాడు, కబుర్లుంటే రెండుసార్లు. భార్య వేషం టైలరమ్మది. నేను డాక్టరు వేషంతో సరిపెట్టుకున్నాను. రెండే సీన్లు. రాసినవాడు త్యాగం చెయ్యాలి కదా.

మీ బావమరిది


జనవరి 21

బావమరిదికి,

నాటకం అందింది. వారం రోజులు బల్లమీదే ఉంది. తర్వాత దిద్దాను.

అంచుల్లో గుర్తులు పెట్టాను. అన్నీ అవసరమైనవే. పాటించు. ఒకచోట చేత్తో ఒక వాక్యం రాశాను. మిగతావి ఏమైనా కానీ, అది మాత్రం ఉండాలి.

ఇక్కడ చలి తగ్గింది. కుళాయి కారుతోంది. ఇంకేమీ లేదు.

అడిగానని మీ అక్క రాసేది నిజమే. నేనే చెప్పేవాణ్ణి.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

బావ


ఫిబ్రవరి 3

బావగారికి,

మీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మొత్తం చదివినా టీ చల్లారలేదు. అయినా అందులో ఎంత ఉంది! మీ చెల్లెమ్మ కళ్లు తుడుచుకుంది. కారణం అడిగితే "కుళాయి" అని లోపలికి వెళ్లిపోయింది. పాపం, ఆ ఇంట్లో కుళాయి బాగుచేయించేవాళ్లు కూడా లేరనుకుంది కాబోలు.

నాటకం ప్రతి విప్పి చూశాను. పేజీ పేజీకీ ఎర్రసిరా! ఒకరి రచనని ఇంత శ్రద్ధగా చూసేవాళ్లు ఈ కాలంలో ఉన్నారా? మొదట కాస్త తికమకపడ్డాం. టైలరమ్మ కత్తిరింపుల లెక్కలు తెలిసిన మనిషి కదా, "ఇందులో కష్టమేముంది, మా జాకెట్ గుర్తుల్లాగే ఉన్నాయి" అని అన్నీ విడమరిచి చెప్పింది. ఇక మాకు అడ్డే లేదు. మీరు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాం.

కష్టంగానే ఉంది సుమండీ. ఒళ్లు వంగడం లేదు. మొదటి సీను అయ్యేసరికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అయినా కళ అంటే మాటలా?

ఇక మొదటి పేజీ సంగతి. బావగారూ, మీరు నా మనసు చదివేశారు. నేను ఎవరితోనూ అనలేదు, మీ చెల్లెమ్మతో కూడా. ఆ ఒక్క వంకర గీతతో మొత్తం చెప్పేశారు. కానీ పాటించడానికి ధైర్యం చాలడం లేదు. మందులషాపు ఏమనుకుంటాడో. ఒక్క మాట రాయండి. ఆ మార్పు తప్పనిసరా?

మీ బావమరిది


ఫిబ్రవరి 9

బావమరిదికి,

మొదటి పేజీలో మార్పు చిన్నది. తప్పనిసరి. ఎవరైనా చూడగానే చెబుతారు అది తారుమారైందని. నువ్వే ముందు చూసుకోవలసింది. దానికి ధైర్యం దేనికో నాకు అర్థం కాలేదు. నీ మిత్రుడు అనుకోవడానికి అందులో ఏముంది?

నా గుర్తులు పాటించడం కొత్తవాళ్లకు కష్టమే. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు కూడా మొదట తల పట్టుకునేవారు. నెల తిరిగేసరికి అలవాటవుతుంది.

ఒళ్లు వంగకపోవడం ఏమిటి? కుర్చీ సరిగ్గా లేకపోతే మార్చు. ఎత్తు బల్ల పెట్టుకుని వెలుగు ఎడమవైపు నుంచి పడేలా కూర్చో.

కుళాయి బాగుచేశాను. చెల్లెమ్మకు చెప్పు.

బావ


ఫిబ్రవరి 22

బావగారికి,

మీ ఉత్తరం రిహార్సల్లో అందరిముందూ నిలబడి చదివాను. "తప్పనిసరి" అన్న మాట రెండుసార్లు చదివాను. ఇక వెనకాడలేదు. మీరు మొదటి పేజీలో గీసినట్టే వేషాలు మార్చేశాను. భర్త వేషం నాది. డాక్టరు వేషం మందులషాపుది.

వాడు అరవలేదు. అదే ఇబ్బంది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. తన మాటలు రాసుకున్న కాగితాలు మడిచి బల్లమీద పెట్టాడు. "మీ బావగారు పెద్దాయన. ఆయన చూపు తప్పుతుందా" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అలిగాడు, నాలుగు రోజులు పోతే తనే వస్తాడనుకున్నాను. రాలేదు. డాక్టరు వేషం బ్యాంకు గుమాస్తాకిచ్చాను. అతను నాడి పట్టుకుంటే నోట్లకట్ట పట్టుకున్నట్టుంది.

గోడ మోగడం లేదు. నేనే ఒకసారి కొట్టాను. అటువైపు నుంచి ఏమీ లేదు. మధ్యాహ్నం టీ ఒక్కణ్ణే తాగుతున్నాను. నీళ్లలా ఉంటోంది.

సరే, నాటకం విషయానికొస్తాను. మీరు అంచులో తోక తిప్పి చుట్టిన సున్నా ఎక్కడుంటే అక్కడ గిర్రున ఒక చుట్టు తిరుగుతున్నాం. తోక పొడుగ్గా ఉంటే రెండు. ఒక మాట కింద చుక్కలు పెట్టినచోట ఆ మాటకి అడుగులో అడుగేసి మునివేళ్లమీద నడుస్తున్నాం. రెండు మాటల మధ్య పైన ఒక చాపం, కింద ఒక చాపం గీసినచోట కౌగిలించుకుంటున్నాం. నాకూ మామగారికీ భీకరమైన పోట్లాట సీనులో మీరవి చాలా పెట్టారు. అది మాత్రం గొప్ప ఆలోచన! తిట్టుకుంటూ కౌగిలించుకోవడం! నాకు ఎప్పటికీ తట్టేది కాదు. నిలువు అడ్డం గీతలతో కిటికీ ఊచల్లా వేసినచోట్ల హీరో కిటికీ దగ్గరికి వెళ్లాలి. వడ్రంగి చేత నిజం కిటికీ చేయించాం.

చివరి సీను, భార్య మంచం పక్కన భర్త వీడ్కోలు మాటలు, నేను ఏడుస్తూ రాసిన పేజీ. దాని పొడుగునా మీరు ఎంత పెద్ద సున్నా చుట్టారండీ! తోక పేజీ కిందిదాకా వచ్చింది. కాబట్టి పేజీ అంతా తిరుగుతూనే చెప్పాలి. బహుశా అతని బుర్ర తిరిగిపోతోందని జనానికి చూపించడానికి కదా? చాలా లోతుగా ఆలోచించారు. పక్కన మీరు చేత్తో రాసిన "మంచినీళ్లు తాగుతావా?" కూడా మరిచిపోలేదు. ఆ సీను కాగానే గుమాస్తా గ్లాసుతో తయారుగా ఉంటున్నాడు. అంత దూరంలో ఉండి కూడా నా ఆరోగ్యం గురించి ఆలోచించారు. అక్క ఉంటే ఇలాగే చేసేది.

ఒక్కటే బాధ. రిహార్సలు చూడ్డానికి జనం కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు. ఏడవడం లేదు. పడీ పడీ నవ్వుతున్నారు. విషాదం అర్థం చేసుకునే స్థాయి ఈ ఊరికి ఇంకా రాలేదేమో.

మీ బావమరిది

అన్నయ్యగారూ, ఈ కాగితం పోస్టులో వేసే పని నాది కనక కింద నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఈయన ఇంట్లో కూడా తిరుగుతున్నారు. గిరగిరా. పళ్లు తోముకుంటూ తిరుగుతున్నారు. నిన్న పోస్టుమాన్‌ని కౌగిలించుకున్నారు. ఇదంతా మీరు చెప్పారంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. డాక్టరుకి చూపించనా? — చెల్లెమ్మ


మార్చి 1

బావమరిదికి,

డాక్టరు అక్కర్లేదని చెల్లెమ్మకు చెప్పు. తప్పు నీది కాదు. నేను "పాటించు" అని ఒక మాట రాసి ఊరుకున్నాను. అచ్చాఫీసు బయట కూడా మనుషులున్నారని తోచలేదు.

అవి ప్రూఫు గుర్తులు. అచ్చు కూర్చేవాడికి రాసేవి. నటులకు కాదు.

తోక ఉన్న సున్నా అంటే ఆ మాట తీసెయ్యమని.

కింద చుక్కలంటే, కొట్టేసిన మాట పొరపాటున కొట్టేశాను, అలాగే ఉంచమని.

రెండు చాపాలంటే మాట మధ్యలో అనవసరంగా ఖాళీ వచ్చింది, కలపమని. మామగారితో నీకు కౌగిలింత పని లేదు.

కిటికీ ఊచలంటే ఖాళీ వదలమని.

మొదటి పేజీలో పాత్రల పట్టిక ఉంది, పక్కన వేసేవాళ్ల పేర్లతో. అందులో డాక్టరు వేషం మొదట, హీరో వేషం రెండోది టైపయింది. ఎవరైనా హీరో పేరు ముందు వేస్తారు. రెండు వరసలూ అటుదిటు, ఇటుదటు మార్చమని గీత గీశాను. మార్చవలసింది వరస. మనుషుల్ని కాదు. రెండు సీన్ల డాక్టరు పట్టికలో మొదటికి ఎలా వచ్చాడో నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

ఊరందరికీ అద్దాలమ్ముతావు.

ఇక చివరి పేజీ. ఆ వీడ్కోలు మాటలన్నీ తీసెయ్యమన్నాను. బాగా లేక కాదు. అలాంటప్పుడు మనిషి అలా మాట్లాడడు. వాటి స్థానంలో ఉండవలసిన మాట పక్కన రాశాను. అది భర్త భార్యను అడిగేది. నీ కోసం రాసింది కాదు.

నేను మీ అక్కను ఆఖరున అడిగింది అదే. వద్దంది.

ముందు నీ మిత్రుడి దగ్గరికి వెళ్లు. నాటకం సంగతి తర్వాత.

బావ


మార్చి 12

బావగారికి,

మీ ఉత్తరం షాపులోనే విప్పాను. చదివి తలుపు దించేసి కూర్చున్నాను. పట్టపగలు తలుపు దించితే ఎవరో పోయారనుకుని ఇద్దరు పలకరించడానికి వచ్చారు.

ఆ ఆఖరి మాట సంగతి నాకు తెలీదు బావగారూ. నేను అక్క పక్కన లేను. అందుకే అంత పొడుగు పేజీ రాశాను. అక్కడ లేనివాడే అన్ని మాటలు రాస్తాడని ఇప్పుడర్థమైంది. దాని గురించి ఇంకేమీ రాయను.

మీరు చెప్పినట్టే మందులషాపుకి వెళ్లాను. వాడు కౌంటరు వెనక మాత్రల డబ్బాలు సర్దుతున్నాడు. నన్ను చూసి, "చీటీ ఉందా?" అన్నాడు.

"ఏం చీటీరా?"

"డాక్టరు చీటీ లేకుండా మందులివ్వం."

"మందుల కోసం రాలేదురా. వేషం ఇవ్వడానికొచ్చా. అదంతా పొరపాటు. బావగారు వరస మార్చమన్నారు, నేను వేషాలు మార్చమన్నారనుకున్నా" అని మీ ఉత్తరంలో ఆ ముక్క వరకూ మడిచి చూపించాను. కింది ముక్క చూపించలేదు.

వాడు చదివాడు. కళ్లజోడు తీశాడు. నేనిచ్చిన కళ్లజోడే.

"నువ్వు చదువు రానివాడివా?" అన్నాడు. "గీత చూడగానే నీకు హీరో వేషమే ఎందుకు కనిపించిందిరా? నాకు కనిపించలేదే. టైలరమ్మకి కనిపించలేదే."

నేను కౌంటరు మీదున్న మాత్రల డబ్బా తీసి ఇటు తిప్పి పెట్టాను.

"నీకు ఆ వేషం కావాలని నాకు తెలుసు. నువ్వు రాసేటప్పుడే తెలుసు. ఒరేయ్, నాకు వెయ్యాలని ఉందిరా అంటే ఇచ్చేవాణ్ణి. అడక్కుండా మీ బావగారి గీత వెనక దాక్కున్నావు చూడు, అదిరా నాకు మండింది."

"ఇప్పుడడుగుతున్నా. నాకు వెయ్యాలని ఉందిరా."

"అయితే వేసుకో."

"వద్దు. నువ్వే వెయ్యి."

"ఇదేంట్రా మళ్లీ?"

"వెయ్యాలని ఉందని చెప్పా. వేస్తానన్లేదు. ఆ చివరి మాట నేను చెప్పలేను. నువ్వు చెప్పగలవు."

అప్పటికి షాపులో ముగ్గురు జ్వరంతో నిలబడి ఉన్నారు. వాళ్లలో టైలరమ్మ ఒకరు. "మీ ఇద్దరూ నువ్వంటే నువ్వని తేల్చుకునేలోగా నాకు టెంపరేచర్ పెరుగుతోంది. ఆ వేషం కూడా నాకే ఇచ్చేయండి, అటు మంచం మీదా ఇటు మంచం పక్కనా నేనే ఉంటా. ముందు మాత్రలివ్వండి" అంది.

మొత్తానికి భర్త వేషం వాడిదే. నేను మళ్లీ డాక్టరు. గోడ సాయంత్రం రెండుసార్లు మోగింది.

కానీ ఇప్పుడు కొత్త చిక్కు. తిరగడాలూ కౌగిలింతలూ తీసేసి ఒకరోజు మామూలుగా ఆడి చూశాం. కిటికీల దగ్గర జనం కాసేపు నిలబడి, "ఇవాళ బాలేదు" అని వెళ్లిపోయారు. టైలరమ్మ అలవాటైపోయి మాట మాటకీ తిరిగేస్తోంది, ఆపలేకపోతున్నాం. డాక్టరు వేషం నాకు తిరిగొచ్చింది కనక గుమాస్తాని మామగారి వేషానికి మార్చాను. అతనేమో కౌగిలింతలు లేకపోతే తనకి ఇందులో చేసేదేముందంటున్నాడు. మందులషాపు అంటాడూ, "మూడు సీన్లూ నవ్వనిద్దాం. ఆ ఒక్క సీను దగ్గర ఎవరూ కదలొద్దు. నవ్వి నవ్వి ఉన్నవాళ్లే ఆ మాట సరిగ్గా వింటారు" అని.

నేను రాసింది విషాదం. నవ్వించడానికి కాదు. కప్పు విషాదానికే ఇస్తారని అందరూ అంటున్నారు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి. మీరు ఏం చెబితే అదే. ఈసారి గీతలు వద్దు, మాటల్లో రాయండి.

ఏప్రిల్ పదిన మన నాటకం. ముందు వరసలో మీకు కుర్చీ ఉంచుతాను. తప్పకుండా రావాలి.

మీ బావమరిది


మార్చి 20

బావమరిదికి,

నీ మిత్రుడు చెప్పింది సరైనది. అతని మాట విను. కప్పు కోసం కాదు.

మీ అక్క ఆఖరి నెలల్లో కూడా నవ్వింది. ఆస్పత్రి నర్సు నడకను మంచంమీద పడుకుని చేతివేళ్లతో నడిచి చూపించేది. నువ్వు రాసిన భార్య మొదటి సీను నుంచీ ఏడుస్తూనే ఉంది. ఆవిడ ఎవరో నాకు తెలియలేదు. తిరుగుతూ ఉంటే తెలుస్తుందేమో.

చివరి మాటకు రెండు సూచనలు. గొంతు ఎత్తకుండా అడగాలి, మామూలు రోజు అడిగినట్టు. టైలరమ్మ తల అడ్డంగా ఊపితే చాలు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనకూడదు. డాక్టరు కూడా. నీకు అక్కడ ఒక పెద్ద మాట ఉంది. తీసెయ్యి. ఈసారి గీత గియ్యలేదు, రాశాను.

నేను రాలేను. నలుగురి మధ్య కూర్చోవడం ఇంకా చేతకావడం లేదు. మొన్న పాత ఆఫీసువాళ్లు పిలిస్తే వెళ్లి గుమ్మం దాకా పోయి వచ్చేశాను. కుర్చీ వేరేవాళ్లకిచ్చెయ్యి.

బాగా జరగాలి.

బావ


ఏప్రిల్ 11

బావగారికి,

రాత్రి నిద్రపోలేదు. తెల్లారగానే రాస్తున్నాను.

మీరు రాలేదు. రానన్నారు కనక నేను ఎదురుచూడకూడదు. అయినా చూశాను. మీ కుర్చీ మీద మందులషాపు తన కండువా వేసి ఉంచాడు. ఒక పెద్దమనిషి వచ్చి తీయబోతే, మేకప్‌తోనే తెర పక్కనుంచి తల బయటపెట్టి, "అది బావగారిది" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నాటకం అలా మొదలుకాకముందే మొదలైంది.

ఆ తర్వాత జరిగింది ఎలా చెప్పను? టైలరమ్మ మొదటి చుట్టు తిరిగేసరికి మనుషులు కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. పోట్లాట సీనులో గుమాస్తా "నా గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను" అంటూ మందులషాపుని వాటేసుకున్నాడు. వాడు "ఆ మాట అన్న నోటిని నేను క్షమించను" అంటూ ఆయన వీపు నిమిరాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన పెన్ను కింద పడేసుకున్నాడు, తీసుకోవడానికి వంగినవాడు చాలాసేపు పైకి లేవలేదు. కిటికీ ఊడి మందులషాపు చేతికొచ్చింది. వాడు దాన్ని పట్టుకునే రెండు పేజీల మాటలు చెప్పాడు. నేను డాక్టరుగా ప్రవేశించేసరికి వాడు దాన్ని నా చేతిలో పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక కిటికీలోంచే రోగిని పరీక్ష చేశాను. అది నేను రాయలేదు, మీరు గీయలేదు. దానికే ఎక్కువ చప్పట్లు.

తర్వాత చివరి సీను.

మంచం పక్కన వాడు కూర్చున్నాడు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఏదో జరుగుతుందని చూస్తున్నారు. వాడు దుప్పటి అంచు సరిచేశాడు. అది మేమెవరమూ చెప్పలేదు. టైలరమ్మ వైపు కాస్త వంగి అడిగాడు, మీరు రాసిన మాట. ఆవిడ తల ఊపింది. అంతే. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా పెద్ద మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంతమంది ఉన్న హాల్లో ఫ్యాను తిరిగే చప్పుడు వినపడింది బావగారూ. తెర లాగేవాడు కూడా లాగడం మరిచిపోయాడు.

కప్పు రాలేదు. మొదటి బహుమతి లాయర్ల సంఘానికి పోయింది, వాళ్ల నాటకంలో ఆరుగురు చచ్చిపోయారు. మాకు "ఉత్తమ హాస్య నాటకం" అని ఫ్రేము కట్టిన కాగితం ఇచ్చారు. విషాదం రాసినవాడికి హాస్యానికి బహుమతి! వేదిక మీద అందుకునేటప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మందులషాపు చెవిలో, "తిరగరా" అన్నాడు. తిరిగాను. ఫ్రేము జారింది. అద్దం మాత్రం పగల్లేదు.

మళ్లీ ఆడమని పక్క ఊరివాళ్లు అడిగారు. మీ చెల్లెమ్మ మధ్య అర తుడుస్తోంది. అన్నీ బాగున్నాయి. ముందు వరసలో ఆ ఒక్క కుర్చీ మాత్రం నాకు వేదిక మీదనుంచి కనిపిస్తూనే ఉంది. మిమ్మల్ని నిష్ఠూరమాడుతున్నాననుకోకండి. ఆడుతున్నాను.

మీ బావమరిది


ఏప్రిల్ 16

బావమరిదికి,

వచ్చాను.

లైట్లు ఆర్పాక లోపలికి వచ్చి ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాను. ముందు వరసలో కండువా చూశాను. అక్కడిదాకా నడిచే శక్తి లేకపోయింది. నీ మిత్రుడికి నా నమస్కారాలు.

నేను మధ్యలో లేచి వెళ్లాను. అది నీకు చెప్పాలి. నువ్వు కిటికీలోంచి రోగి నాలుక చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పైకి వినపడేలా నవ్వాను. పక్కవాళ్లు తిరిగి చూశారు. నేను అలా నవ్వి ఎంతకాలమైందో. భయం వేసింది, తప్పు చేసినట్టనిపించింది. లేచి వరండాలోకి వచ్చాను. అక్కడ గోడ పట్టుకుని మళ్లీ నవ్వాను. ఆగలేదు. కాపలావాడు వచ్చి ఒంట్లో బాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. అన్నాక చూసుకుంటే బాగానే ఉంది.

చివరి సీను తలుపు సందులోంచి విన్నాను. చూడలేదు. మనవాడు సరిగ్గా అడిగాడు. అలాగే అడిగాను నేను. లోపల అంతమంది ఒక్కసారిగా ఊరుకోవడం విన్నాను. ఏడాదిగా ఆ మాట నా ఒక్కడి దగ్గరే ఉంది. ఇప్పుడు అందరి దగ్గరా కాస్త కాస్త ఉంది. బరువు తగ్గినట్టుంది.

నువ్వు నీ పెద్ద మాట మింగడం కూడా తెలిసింది. నీ మాట రావలసిన చోట ఫ్యాను చప్పుడే వినపడింది. నీ వేషాల్లో అది మంచిది.

నిన్ను కలవకుండా వెళ్లిపోయినందుకు ఏమీ అనుకోకు. మొహం కడుక్కోవలసి ఉంది. తర్వాత ఆఖరి బస్సు వచ్చేసింది.

ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నె కడుగుతూ గుమాస్తా కౌగిలింత గుర్తొచ్చి మళ్లీ నవ్వాను. పక్కింటావిడ గోడమీంచి "ఎవరైనా వచ్చారా అండీ?" అని అడిగింది.

పక్క ఊరి ప్రదర్శనకు ముందు సరిచేయవలసినవి కొన్ని ఉన్నాయి. రెండో సీను ఇంకా పొడుగు. టైలరమ్మ ఎడమకు తిరిగితే వెలుగు మొహంమీద పడుతుంది. కిటికీకి మేకులు కొట్టించకు, ఊడనియ్యి. ఇవన్నీ కాగితంమీద పెడితే నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. అందుకని ఆదివారం బయల్దేరి వస్తున్నాను. ఎదురుగా కూర్చుని నోటితో చెబుతాను. కొన్నాళ్లు ఉంటాను. గదిలో పక్క వేయమని చెల్లెమ్మకు చెప్పు.

నువ్వు ఇంకో నాటకం మొదలుపెడితే అందులో నాకొక వేషం చూడు. మాటలు లేనిదైతే మంచిది. తిరగమంటే తిరుగుతాను.

మీ బావ